కెమెరా ఎత్తగానే బిగుసుకుపోయే ఇంటివాళ్ళను జీవం ఉట్టిపడేలా ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న: గోదారి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. మా సొంత ఊరు అమలాపురం దగ్గర ఒక పల్లె. రెండేళ్ళుగా ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నాను. కొబ్బరితోటలు, కాలువలు, పంటు మీద రేవు దాటే జనం ఒక మాదిరిగా కుదురుతున్నాయి గాని, సొంత ఇంటి మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఫొటో కూడా నా మనసుకు పట్టడం లేదు.

మా మామ్మకు 81 ఏళ్ళు. కూరగాయలమ్మితో బేరమాడేటప్పుడు ఆవిడది ఒక ముఖం, పెరట్లో కోతిని అదిలించేటప్పుడు ఒక ముఖం, మధ్యాహ్నం పూట గుమ్మం పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటూ తనలో తాను ఏదో చెప్పుకొనేటప్పుడు పూర్తిగా వేరే ముఖం. నేను కెమెరా ఎత్తితే చాలు, ఇవన్నీ మాయమవుతాయి. కొంగు భుజాల నిండా కప్పుకొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, పెదవులు బిగించి, నిలువుగుడ్లు వేసుకొని చూస్తుంది. నాన్నగారైతే బడిలో ప్రార్థనకు నిలబడినట్టు నిటారుగా నిలబడతారు. చిన్ననాటి స్నేహితుడు ఒకడున్నాడు. వాడు బిగుసుకుపోడు గాని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని వేళ్ళు చూపిస్తాడు, లేదంటే ముఖం వంకరలు తిప్పుతాడు. మొత్తం మీద ముగ్గురిలో ఎవరూ నాకు తెలిసిన మనుషుల్లా ఫొటోలో కనబడరు.

ఇది నాకు ఎందుకింత పట్టుదలగా మారిందో కూడా చెప్పాలి. ఆరేళ్ళ క్రితం తాతగారు పోయినప్పుడు, పెద్దకర్మ నాటికి గోడకు పెట్టడానికి ఒక ఫొటో కావాలని ఇల్లంతా వెతికితే, ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటో ఒకటి, ఓటరు కార్డు మీద ఉన్నది ఒకటి, ఈ రెండే దొరికాయి. గుంపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించాము. ఇప్పటికీ ఆ పటంలో పక్కన నిలబడ్డ మరెవరిదో భుజం కొంత కనబడుతూనే ఉంటుంది. మనిషిని చూసిన మా తరానికి ఆ పటం చాలవచ్చు. చూడని పిల్లలకు తాతగారంటే అదే.

నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సరు ఉండే) కెమెరా, దానితో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సు, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఫోను ఉన్నాయి. ఫ్లాష్ లేదు. మాది పాత మండువా ఇల్లు, లోపలి గదులు చీకటిగా ఉంటాయి. సంక్రాంతికి నాలుగు రోజులు ఊళ్ళో ఉంటాను. ఈ నాలుగు రోజుల్లో నేను ఏమి చేయాలో, ముఖ్యంగా ఏమి చేయకూడదో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: పాత స్టూడియో

మీ తాతగారి పటం సంగతి చదివి కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే అలాంటి పటాలు నా చేతులతో వందల సంఖ్యలో తయారుచేసి ఇచ్చాను. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో 34 ఏళ్ళు స్టూడియో నడిపాను. ఆ అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను. మీ మామ్మగారిలో మీరు చూస్తున్న బిగువు భయం కాదు, మర్యాద. ఆ మర్యాద నేర్పింది మా స్టూడియోల వాళ్ళమే.

120 రోలులో చదరపు బొమ్మలు 12 మాత్రమే వచ్చేవి. మనిషికి ఒకటి, మహా అయితే రెండు తీసేవాళ్ళం. రెప్ప వాలినా తల కదిలినా ఆ ఫిల్ము వృథా. అందుకని "గడ్డం కొంచెం దించండి, ఇటు చూడండి, కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని ప్రతివారికీ చెప్పేవాళ్ళం. ఆ తరం ఆడవాళ్ళలో చాలామంది జీవితంలో నాలుగైదు సార్లకు మించి కెమెరా ముందు కూర్చోలేదు. కూర్చున్న ప్రతిసారీ పట్టుచీర కట్టుకొని, తల దువ్వుకొని, ఒక పెద్ద కార్యానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. కాబట్టి మీరు కెమెరా ఎత్తగానే ఆవిడ కొంగు సర్దుకుంటున్నారంటే, మీ పనికి ఇవ్వవలసిన గౌరవం ఇస్తున్నారని అర్థం. దాన్ని "అలా కాదు మామ్మా, మామూలుగా ఉండు" అని తోసిపుచ్చితే, తాను ఏదో తప్పు చేశానని అనుకొని ఇంకా ముడుచుకుపోతారు.

అందువల్ల ఆవిడ కోరుకున్న ఫొటోను ముందు తీయండి. నచ్చిన చీర కట్టుకోనివ్వండి, కుర్చీ వేయండి, చేతులు మోకాళ్ళ మీదే పెట్టుకోనివ్వండి. ఏదో మొక్కుబడిగా కాకుండా వెలుగు చూసుకొని, చీర కుచ్చిళ్ళు సరిచేసి, శ్రద్ధగా తీయండి. తీసి చూపించండి. ఆ తరువాత మీ అసలు పని మొదలవుతుంది. నేను వృత్తిలో చాలా ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. "అయిపోయిందండీ" అనగానే ఎత్తిపట్టిన భుజాలు దిగి, మనిషి ఊపిరి వదిలి, పక్కనున్న భార్య వైపో ఒళ్ళోని పిల్లవాడి వైపో చూస్తాడు. ఆ రెండు మూడు క్షణాలు కనబడేదే అసలు ముఖం. ఫిల్ము ఖర్చుకు వెరచి దాన్ని నేను ఎన్నో వేలసార్లు వదిలేశాను. మీకు ఆ ఇబ్బంది లేదు. అయిపోయిందన్న తరువాత కూడా కెమెరా దించకండి. దొంగచాటుగా తీయమనడం లేదు. కెమెరా ఎదురుగానే ఉండాలి, మీరింకా తీస్తున్నారని ఆవిడకు తెలియాలి. ఆ బొమ్మతో బాధ్యత తీరిపోయింది గనుక ఇక మీరు తీస్తున్నా పట్టించుకోరు.

ఇక వెలుగు. మండువా ఇల్లు ఉండడం మీ అదృష్టం. మేము స్టూడియోలో గొడుగులు, తెల్లబట్టలు కట్టి తెచ్చుకొనే వెలుగు మీ ఇంటి నడిమధ్యలో ఆకాశం నుంచి దిగుతోంది. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు దక్షిణంగా వంగి ఉంటాడు కాబట్టి, మిట్టమధ్యాహ్నం ఎండ మండువాలో ఉత్తరం వైపు వసారా మీద, ఆ గోడ మీద పడుతుంది. దక్షిణం వైపు వసారా నీడలో ఉండి, ఎదురు గోడ సున్నం మీద నుంచి తిరిగొచ్చే మెత్తటి వెలుగు అక్కడ నిలుస్తుంది. మామ్మగారిని ఆ దక్షిణపు వసారాలో, అంచుకు ఒక మూర లోపలికి కూర్చోబెట్టండి. ముఖం నేరుగా మండువా వైపు ఉంటే వెలుగు చదునుగా పడి ముడతలన్నీ తుడిచేసినట్టు అవుతుంది. తూర్పుకో పడమరకో తిరిగి కూర్చుంటే ఒక చెంప వెలుగులో, ఒక చెంప లేతనీడలో ఉండి ముఖానికి లోతు వస్తుంది. నీడ మరీ చిక్కగా ఉంటే అటువైపు ఒక థర్మోకోల్ అట్ట గాని, ఉతికిన తెల్లపంచె గాని పట్టించండి. ఏమి చేసినా కంటిపాపలో చిన్న వెలుగుచుక్క ఉందో లేదో చూసుకోండి. ఆ చుక్క లేని కన్ను ఎంత నవ్వినా అలసిపోయినట్టే కనబడుతుంది.

ట్యూబులైటు మాత్రం ఆర్పేయండి. పగటి వెలుగు, ట్యూబులైటు వెలుగు కలిస్తే ఒక చెంప ఒక రంగులో, ఇంకో చెంప ఇంకో రంగులో వస్తాయి. దాన్ని తరువాత కంప్యూటరులో సరిచేయడం చాలా కష్టం.

సమాధానం: గన్నేరు కొమ్మ

పాత స్టూడియో గారు చెప్పిన మర్యాద మాట నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి ఇంకొక సంగతి చేర్చాలనుకుంటున్నాను. మాది వరంగల్. నేను ఉపాధ్యాయినిని, పదేళ్ళుగా మా కుటుంబంలోని ఆడవాళ్ళ ఫొటోలు తీసి దాచుతున్నాను.

మీ తాతగారు పోయి ఆరేళ్ళయిందని రాశారు. మా ఇళ్ళలో భర్త పోయిన తరువాత ఫొటోకు కూర్చోవడానికి మనసొప్పని పెద్దవాళ్ళను నేను చాలామందిని చూశాను. "ఈ ముఖానికి ఫొటో ఎందుకు బిడ్డా" అంటారు. అది సిగ్గుతో అన్న మాట కాదు. బొట్టు, పూలు, గాజులు ఉన్నప్పటి తన రూపాన్ని తలుచుకొని, ఇప్పటి రూపం చూపించడానికి ఇష్టపడకపోవడం అది. కొందరికి ఫొటో అంటే దండ వేసే పటమన్న ఆలోచన కూడా మనసులో ఉంటుంది. మీరు కెమెరా తీసుకొని పోవడానికి ముందు, ఒక పూట ఏమీ తీయకుండా పక్కన కూర్చొని, ఈ ఫొటో ఎందుకు కావాలనుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. తాతగారి పటం గురించి ఇక్కడ మాకు రాసిన మాటలే ఆమెతో చెప్పండి. మా అమ్మమ్మ నాలుగేళ్ళు నన్ను దగ్గరికి రానీయలేదు. "నా బిడ్డ పెద్దదైతే నిన్ను ఎట్లా చూపించాలె?" అని అడిగిన రోజు తానే లేచి ముఖం కడుక్కొని వచ్చి కూర్చున్నది.

గదిలో ఎవరున్నారన్నది కూడా ముఖ్యమే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. పరదా పద్ధతి దానికి ముఖ్యకారణమే అయినా, అందులో ఒక వృత్తి రహస్యం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. మనిషి ముఖం ఎదుటివారిని బట్టి తెరుచుకుంటుంది. మీ మామ్మగారు మీ నాన్నగారి ముందు ఒకలాగా, తన ఈడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళ ముందు ఇంకొకలాగా ఉంటారు. మనవడితో ఉండే ముఖం కావాలా, స్నేహితురాలితో ఉండే ముఖం కావాలా అని మీరు ఆలోచించుకోండి. రెండోది కావాలంటే ఆమె ఈడు మనిషిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, మీరు పక్కకు జరగండి.

మాటల విషయానికి వస్తే, "నవ్వు" అని మాత్రం ఎన్నడూ అనకండి. జీవమున్న ముఖమంటే నవ్వుముఖమే అనుకోవడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాము. జవాబు చెప్పడానికి ఆమె కొంతసేపు వెనక్కి వెళ్ళవలసి వచ్చే ప్రశ్న అడగండి. మీది కోనసీమ కాబట్టి 1986 గోదావరి వరదప్పుడు ఇంట్లోకి నీళ్ళు వచ్చాయా అనో, 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లు కూలిన రాత్రి అందరూ ఎక్కడ తలదాచుకున్నారనో అడిగి చూడండి. చెబుతున్నప్పటి కంటే, చెప్పడానికి ముందు గుర్తు తెచ్చుకొనే ఆ కాస్త మౌనంలో ముఖం ఎంతో అందంగా ఉంటుంది. నోరు కదులుతున్నప్పుడు తీసిన ఫొటోల్లో పెదవులు ఎట్లాగో వస్తాయి. మాటకు మాటకు మధ్య తీయండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ జ్ఞాపకాల్లో కన్నీళ్ళు వస్తే, కెమెరా ఒళ్ళో పెట్టి చేయి పట్టుకోండి. మా మేనత్త విషయంలో నేను అలా చేయలేదు. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. అయినా ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికీ చూపించలేదు. మళ్ళీ నా ముందు కూర్చోవడానికి ఆమె ఒప్పుకోలేదు.

నాన్నగారికి మాత్రం చేతికి పని ఇవ్వడమే మార్గం. మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నిలబెట్టి తీస్తే మీ నాన్నగారిలాగే కొయ్యబారిపోయేవాడు. మగ్గం ముందు కూర్చొని, తెగిన పోగు వెతికి ముడివేస్తున్నప్పుడు నేను రెండడుగుల దూరంలో ఉన్నా నన్ను మరిచిపోయేవాడు. నాన్నగారు ఏ పనిలో తనను తాను మరిచిపోతారో మీకే తెలియాలి.

సమాధానం: చదరపు అద్దం

పెద్దలు మనుషుల గురించి చెప్పారు. పరికరాల గురించి ఎవరూ విడమరిచి రాయలేదు గనుక ఆ భాగం నేను రాస్తాను. వాళ్ళ ముందు కూర్చొని మీటలు తిప్పుకుంటూ ఉంటే, వచ్చిన ముఖం వచ్చినట్టే పోతుంది. అన్నీ ముందే కుదుర్చుకొని, అక్కడికి వెళ్ళాక కళ్ళు మనిషి మీదే పెట్టగలగాలి.

కిట్ లెన్సు సంచిలోనే ఉంచండి. మీ 50 ఎం.ఎం. లెన్సు క్రాప్ సెన్సర్ మీద, పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సరు మీద 75 లేదా 80 ఎం.ఎం. లెన్సు చూపే మేరను చూపిస్తుంది. మనిషికి ఒకటిన్నర మీటరు దూరంలో కూర్చుంటే తల, భుజాలు నిండుగా వస్తాయి, గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. దూరం చాలా ముఖ్యం. ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, 40 సెంటీమీటర్ల దగ్గర నుంచి తీసినప్పుడు ముక్కుతో పోలిస్తే చెవి దాదాపు నాలుగో వంతు చిన్నదిగా కనబడుతుంది. ఒకటిన్నర మీటరు నుంచి ఆ తేడా 7 శాతమే. ఫోను చేయి చాచి దగ్గరగా పట్టుకొని తీసిన ముఖాలు మనకు తెలిసినవాళ్ళలా ఉండకపోవడానికి కారణం ఇదే. ఫోనుతో తీయవలసి వస్తే 2 రెట్ల జూము పెట్టి వెనక్కి జరగండి. ముఖం నునుపు చేసే బ్యూటీ అమరికను పూర్తిగా ఆపేయండి. 81 ఏళ్ళ ముఖంలో ముడతలు తీసేస్తే ఇక చూడడానికి ఏముంటుంది?

లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది కదా అని అక్కడే ఉంచవద్దు. ఒకటిన్నర మీటరు దూరంలో, మీ కెమెరాతో, ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే. ఆవిడ కాస్త ముందుకు వంగితే కన్ను మసకబారి చెవి స్పష్టంగా వస్తుంది. లెన్సును కాస్త మూసి ఎఫ్ 2.8 దగ్గర పెడితే పది సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. మండువా వెలుగులో అది చాలు. షట్టరు సెకనులో 200వ వంతు కంటే ఎక్కువసేపు తెరుచుకోకుండా చూసుకొని, ఐ.ఎస్.ఓ.ను (వెలుగును పట్టే సున్నితత్వపు అంకెను) ఆటోలో పెట్టండి. 1600 వచ్చినా 3200 వచ్చినా కంగారు పడవద్దు. కాస్త గరుకుగా వచ్చిన ఫొటోను గోడకు పెట్టుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఏమీ చేయలేము. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. ఒక్కొక్కటి కాకుండా మూడేసి నాలుగేసి చొప్పున తీస్తే రెప్పపాటు సమస్య తీరిపోతుంది.

లేతరంగు చీర, నెరిసిన జుట్టు, సున్నపు గోడ, ఇవన్నీ ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమిస్తే కెమెరా మొత్తం వెలుగును తగ్గించి ముఖాన్ని నల్లబరుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజరును ముప్పావు స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పెంచండి. వెనుక చీకటి గది గుమ్మం ఉంటే దీనికి విరుద్ధంగా జరిగి చీర తెల్లగా పేలిపోతుంది, అప్పుడు తగ్గించాలి. రాత్రి తప్పనిసరై ఇంటి లైట్ల కింద తీస్తే మన కరెంటు 50 హెర్ట్‌జులది కాబట్టి ఆ వెలుగు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరును 100వ వంతు దగ్గర పెడితే చారలు రావు.

నవ్వమని అడగవద్దన్న గన్నేరు కొమ్మ గారి మాటకు శాస్త్రం కూడా తోడుంది. డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే ముఖ కండరాల మీద రాసిన గ్రంథంలో, పెదవులను పైకి లాగే కండరం మన మాట వింటుందని, కళ్ళ చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని వివరించాడు.

సమాధానం: నీలిమేఘం

పై సమాధానాలన్నీ విలువైనవే గాని, ఒక్క విషయంలో నేను విభేదిస్తున్నాను. చేతికి పని ఇచ్చి తీసిన ఫొటోలు చాలాసార్లు ఆ పని ఫొటోలుగా మిగులుతాయి. కింద చూస్తున్న కళ్ళు, ఒంగిన తల, చేతుల్లో వత్తి లేదా నూలు, చూడటానికి బాగానే ఉంటాయి. కానీ ఆ మనిషి మనల్ని చూడటం లేదు. ఇరవై ఏళ్ళ తరువాత పటం ముందు నిలబడిన మునిమనవడికి కావలసింది తనవైపు చూసే కళ్ళు. కటకంలోకి నేరుగా చూడటం అలవాటు చేయించడం కష్టమే అయినా, ఆ కష్టం పడవలసిందే.

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48వ ఏట, 1863లో, కూతురు, అల్లుడు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఇంగ్లండులోని తన ఇంటి దగ్గర కోళ్ళగూటిని స్టూడియోగా మార్చుకొని, మేనకోడళ్ళను, ఇరుగుపొరుగును, ఇంటి పనిమనుషులను కూర్చోబెట్టి తీసింది. ఆనాటి పలకలకు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఆ ఫొటోల్లో స్పష్టత తక్కువని అప్పట్లోనే విమర్శించారు. అయినా ఆ ముఖాలు ఈనాటికీ మనల్ని నిలబెట్టి చూస్తాయి. అంతసేపు కూర్చున్నప్పుడు పెట్టుకున్న ముఖం నిలవదు, జారిపోతుంది. దాని వెనుక ఉన్న ముఖం బయటికి వస్తుంది.

మీ స్నేహితుడికి ఇదే మందు. వాడు వంకరలు తిప్పేది సిగ్గును కప్పుకోవడానికి. ఆపమనకండి, తిప్పనివ్వండి, ప్రతి వంకరా తీయండి. పదిహేను ఇరవై అయ్యాక వాడి దగ్గర సరుకు అయిపోతుంది. అప్పుడు నల్లద్దాలు తీయించి, ఒక్క నిమిషం ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా కూర్చొని, వాడిని మీ కళ్ళలోకి చూడమనండి. కెమెరా మీ గడ్డం దగ్గర పట్టుకొని అక్కడి నుంచే నొక్కండి. చిన్ననాటి స్నేహితులు ఒక నిమిషం మౌనంగా ఎదురెదురుగా కూర్చోవడం ఎంత అరుదో అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో పెట్టే ముందు మాత్రం వాడిని అడగండి. నమ్మి చూపించిన ముఖాన్ని నలుగురిలో పెడితే మరోసారి చూపించడు.

సమాధానం: గోదారి గట్టు

నిన్ననే ఊరి నుంచి తిరిగి వచ్చాను. ఇంత శ్రద్ధగా రాసిన నలుగురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత.

భోగి రోజు కెమెరా సంచిలోంచి తీయలేదు. రాత్రి మామ్మ పక్కన కూర్చొని తాతగారి పటం మాట ఎత్తాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ భుజం మా పెదబావగారిదిరా. ఆయనకు మీ తాతంటే ప్రాణం, ఉండనీ" అంది. ఆరేళ్ళుగా నన్ను బాధపెడుతున్న భుజం ఎవరిదో నేను ఒక్కసారైనా అడగలేదని అప్పుడే గ్రహించాను. పండుగనాడు తనంతట తానే వెంకటగిరి చీర కట్టుకొని వచ్చి కుర్చీ ఎక్కడ వేయాలో అడిగింది. దక్షిణపు వసారాలో వేశాను. మీరు చెప్పినట్టు పక్కకు తిరిగితే నిజంగానే వెలుగు చెంప మీద వెన్నలా పరుచుకుంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్న ఫొటో ముందు తీసి చూపించాను. "గాజులు కనబడలేదు, మళ్ళీ తియ్యి" అంది, మళ్ళీ తీశాను.

అయిపోయిందన్నాక ఏడెనిమిది ఫొటోలు తీశాను. వాటిలో ఒకదానిలో మామ్మ నావైపు చూడటం లేదు. మండువా అవతల నాన్నగారు అరటిగెల దించుతుంటే, "మెల్లగా, నడుము జాగ్రత్త" అనబోయి, ఇంకా అనని క్షణం అది. 58 ఏళ్ళ కొడుకును ఇంకా పసివాడిలా చూస్తున్న ముఖం. నీలిమేఘం గారు కోరినట్టు కటకంలోకి చూస్తున్నది కూడా ఒకటి వచ్చింది. అది కనుమ రోజు, వరద సంగతులు చెప్పి అలసి ఊరుకున్న తరువాత. ఏది మేలైనదో నేను తేల్చుకోలేకపోతున్నాను.

నాన్నగారు గెల దించుతున్నప్పుడు తీసినవి కదిలిపోయాయి. తప్పు నాదే, షట్టరు మార్చడం మరిచిపోయాను. స్నేహితుడు మాత్రం 23వ ఫొటోకు గాని లొంగలేదు. ఆ తరువాతి నిమిషంలో వాడు, వాళ్ళమ్మగారి ఆపరేషన్ గురించి నాకు ఇంతవరకు చెప్పని సంగతి చెప్పాడు. నేను కెమెరా కింద పెట్టేశాను. వాడి ఫొటో ఈసారికి లేదు.

చివరిగా ఒక సందేహం. మామ్మ ఫొటో అచ్చు వేయించాలి. ఏ సైజు, ఏ కాగితం మంచిది?

సమాధానం: పాత స్టూడియో

8 అంగుళాలకు 12 అంగుళాల సైజులో మ్యాట్ కాగితం మీద వేయించండి. నిగనిగలాడే కాగితం మీద ఎదుటి కిటికీ ప్రతిబింబించి ముఖం కనబడదు. పటం కట్టించేటప్పుడు అద్దం ఫొటోకు నేరుగా అంటుకోకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి. లేకపోతే మీ ప్రాంతపు తేమకు కొన్నేళ్ళలో ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది. ఎండ తగిలే గోడకు వద్దు. అచ్చుకు ఇచ్చేముందు ముఖం ఫోను తెరమీద కనబడే దానికంటే కాస్త ప్రకాశంగా ఉండేలా చూసుకోండి, కాగితం మీద ఎప్పుడూ కొంత దిగుతుంది.

మూడూ వేయించండి. ఆవిడకు నచ్చినది ఏదో ఆవిడనే అడిగి, అది హాలులో పెట్టండి. గాజులు కనబడేలా మళ్ళీ తీయించుకున్నదే అడుగుతారని నా నమ్మకం. కొడుకువైపు చూస్తున్నది మీ నాన్నగారికి ఇవ్వండి.